రాధికాసాంత్వనము – ఒక సంకోచము కథ

నెల్లూరు విడిచి పెన్న దాటి, కోవూరు మీదుగా సముద్రమువైపు సాగినచో విడవలూరు ప్రాంతము వచ్చును. అచటనే వావిళ్ళ అను ఊరున్నది. వరిచేలు, తాటిచెట్లు, తూర్పునుండి వీచు ఉప్పుగాలి – దారిన పోవువారికి ఇంతకు మించి అచట ఏమియు తోపదు. అయినను ఆ ఊరిపేరు నూరేండ్లకు పైగా తెలుగువారి అలమారులలోను, దేవుని గూటి ప్రక్కను నిలిచియున్నది. దానినే ఇంటిపేరుగా గల రామస్వామిశాస్త్రులుగారు చెన్నపట్టణము చేరి 1854లో ముద్రణాలయము నెలకొల్పిరి. 1891లో ఆయన గతించునప్పటికి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారు పసివారు. ఆ పసివారే పెరిగి ఆ సంస్థను తెలుగునాట సాటిలేని ప్రచురణాలయముగా తీర్చిరి. వ్రతకల్పము కావలసినను, అమరకోశము కావలసినను, శతకము కావలసినను "వావిళ్ళవారిది ఉన్నదా?" అని అడిగి కొనుట మన పెద్దల వాడుక.

లలితాసహస్రనామమును అచ్చువేసిన ఆ చేతులే 1910లో వేరొక గ్రంథమును కూడ అచ్చువేసినవి. మరుసటి యేడు పోలీసులు వచ్చి ఆ ప్రతులను పట్టుకొనిపోయిరి. గ్రంథము పేరు రాధికాసాంత్వనము. వ్రాసినది ముద్దుపళని. పరిష్కరించి పీఠిక వ్రాసినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఇద్దరును స్త్రీలే, ఇద్దరును ఆటపాటలు వృత్తిగా గల వేశ్యాకుటుంబములలో పుట్టినవారే.

ఈ గ్రంథము మాట వచ్చినపుడెల్ల "అశ్లీలము" అను పదముతో మొదలిడి ఆ పదముతోనే ముగించుట మనకు పరిపాటియైనది. మేము ఆ పదమును కొంతసేపు ప్రక్కన పెట్టదలచితిమి. ఒక మనిషి చేయి వేరొక మనిషిపై పడుటను గురించి మన జాతికి రెండు మనస్సులు కలవు. ఆ రెండును ఒకే ఇంటిలో, ఒకే మనిషిలో, తరచుగా ఒకే గడియలో మెలగుచుండును. మా మాటలు చేరునది పిల్లలు, పెద్దలు, కొత్తకోడండ్రు కలిసి కూర్చుండి వినెడి ఇండ్లకు. క్షేత్రయ్య పదము సాగుచుండగా ఇంటి పెద్దాయన లేచి రేడియో గొంతు తగ్గించుటయు, వంటయింటినుండి "ఏమండీ, బాగా పాడుతోంటే తగ్గించారెందుకు?" అని గృహిణి యడుగుటయు మేమెరుగనివి కావు.

మన భాషనే చూడుడు. "అంటు" అను చిన్నమాట ఎన్ని పనులు చేయుచున్నది! రెండు కొమ్మలను కలిపి కట్టినచో అంటుమామిడి. ఒకరినుండి ఒకరికి ప్రాకినచో అంటువ్యాధి. తిని విడిచిన గిన్నెలు అంట్లు. పండుగనాడు బిడ్డను పీటమీద కూర్చుండబెట్టి తల్లి నడినెత్తిని నూనె మర్దించినచో తలంటు. తల్లి చేతికి పేరైన ఆ మాటనే కొనిపోయి తోటిమనిషిని ఊరవతలకు నెట్టి అంటరానివాడంటిమి. "ముట్టు" సంగతియు ఇట్టిదే. ముట్టుట యనగా తాకుట. కాని ముట్టు అన్నచో స్త్రీ ఎవరిని తాకక మూడునాళ్ళు దూరముగా కూర్చుండుట. తాకుటకు పెట్టిన పేరే తాకరాని వేళకును పెట్టుకొన్నవారము మనము. మడికట్టుకొని "నన్నంటకురా!" అని మనుమని గదిమిన బామ్మయే, మడి విడిచిన మరుక్షణమున వానిని ఒడిలోనికి లాగుకొనును. పెండ్లియన్నచో మనకు పాణిగ్రహణమే. తలపై జీలకఱ్ఱ బెల్లము, చేతిలో చేయి, తలంబ్రాలు – వందలమంది ఎదుట వధూవరులు ఒకరినొకరు తాకుటనే శాస్త్రము వివాహమనెను. ఆ వివాహము ముగిసిన మరునాటినుండి పెద్దల ఎదుట ఆలుమగలు ఒక బల్లపై కూర్చుండుట కూడ తప్పయ్యెను.

నెల్లూరు సీమకు ఈ చింత కొత్తది కాదు. పదుమూడవ శతాబ్దిలో నెల్లూరేలిన మనుమసిద్ధికి మంత్రియైన తిక్కన భారతమును తెనిగింప బూని విరాటపర్వముతో ఆరంభించెను. ఆ విధముగా తెలుగు భారతమున ఆయన మనకు చెప్పిన మొదటి పెద్దకథ, ఆలోచించి చూడగా, ఇష్టములేని చేతిని గురించిన కథ. కీచకుడు పట్టుకొనబోగా సైరంధ్రి త్రోచివైచి సభకు పరుగెత్తును. అతడు వెంటబడి నిండుసభలో ఆమెను తన్నును. చూచువారు చూచుచునే యుందురు. నాటి రాత్రి ఆమె వంటశాలకు పోయి నిద్రించు భీముని లేపును. ఇంత బిగువుగా ఆ కథను నడిపిన తిక్కనయే, కేతన తనకంకితమిచ్చిన దశకుమారచరిత్రమునకు కృతిపతియయ్యెను. దండి సంస్కృతమున చెప్పిన ఆ కథలలో రాకుమారుల సాహసములతోపాటు వారి ప్రణయములును విరివిగా గలవు. యజ్ఞము చేసి సోమయాజి యనిపించుకొన్న వానికి వానివలన మైల సోకినట్లు ఎవరును తలపలేదు. ఇష్టములేని చేతిని అసహ్యించుకొనుట వేరు, చేతినే అసహ్యించుకొనుట వేరు అని నాటివారికి తెలిసియుండెనని మా యూహ.

ఇక ముద్దుపళని. తంజావూరున నాయకరాజుల యేలుబడి 1673లో అంతరించినను తెలుగు అంతరించలేదు. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు కూడ తెలుగునే తమ కొలువున పోషించిరి. వారిలో ప్రతాపసింహుడు 1739 మొదలు 1763 వరకు ఏలెను. ఆయన ఆస్థానమున నిలిచిన విదుషి ముద్దుపళని. ఆమె పితామహి తంజనాయకి కూడ ఆ కొలువులోనిదే. ముద్దుపళని ఆండాళ్ తిరుప్పావైని సప్తపదములుగా తెనిగించెననియు మనము గుర్తుంచుకొనవలెను. ఈమె పేరు చెప్పి మొగము త్రిప్పుకొనువారు ఆ సంగతి చెప్పరు. రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల ప్రబంధము, పద్యములు 584. శుకుడు జనకునకు చెప్పినట్లుగా కథ నడచును.

కథ చిన్నది. కృష్ణునకు వరుసకు అత్తయగు రాధ ఇళ యను బాలికను తన యింట పెంచును. ఆ పిల్ల ఈడేరగానే రాధయే పూనుకొని కృష్ణునితో పెండ్లి జరిపించును. రాధకును కృష్ణునకును అంతకుమున్నే అనురాగమున్నది. అయినను ఆ పిల్లను అలంకరించునది రాధయే, పడకటింటికి సాగనంపునది రాధయే. భర్త దగ్గర ఎట్లు మెలగవలెనో పిల్లకు నేర్పును. పసిది, మెల్లగా చూచుకొమ్మని కృష్ణుని హెచ్చరించును. తలుపు మూతపడిన పిదప తాను బయట నిలిచిపోవును. తాను నేర్పినదే లోపల జరుగుచున్నదని తెలిసి కాలిపోవును. ఇచ్చివేసిన దానిని మరల కావలెననుకొనును. అడుగుటకు అభిమానము అడ్డువచ్చును. తుదకు కృష్ణుడు వచ్చి ఆమెను బుజ్జగించి, కౌగిట చేర్చి, ఊరడించును.

ఈ గ్రంథమునకు ఇళాదేవీయమను మరియొక పేరు కూడ కలదు. ఒక పేరు లోపలనున్న పిల్లది, రెండవ పేరు బయటనున్న పెద్దదానిది. లోకము రెండవ పేరునే నిలుపుకొన్నది. ఆ పేరులో విలాసము లేదు, కేళి లేదు. సాంత్వనము, అనగా ఊరడింపు. తాకుట యనునది సుఖము కొరకే కాదు, దుఃఖము తీర్చుటకు కూడనని ఆ పేరు చెప్పకయే చెప్పుచున్నది. ఏడ్చు బిడ్డ వీపు తట్టిన చేతికిని, అలిగిన రాధను దగ్గరకు తీసికొన్న చేతికిని నడుమ గల దూరము మనమనుకొన్నంత పెద్దది కాకపోవచ్చును.

ప్రబంధములలో శృంగారము అరుదు కాదు. అంతకు నూరింతలు మగకవులు వ్రాసిరి. ఈమె వ్రాసిన దానిలో వింత యేమనగా, కోరిక స్త్రీవైపునుండి కలిగినది, సంకోచమును స్త్రీవైపునుండియే కలిగినది. రాధ ఇచ్చును, ఇచ్చినందుకు ఏడ్చును. కావలెనను, వలదను. ఆ రెండును నిజమే. తాతమ్మల కాలమునుండి రాజుగారి చూపు ఒకరినుండి ఒకరికి మారుట కన్నులార చూచిన ఇంటిలో పుట్టిన స్త్రీకి ఈ సంగతి పుస్తకములలో చదివి తెలిసికొనవలసిన పని యుండదు.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ గ్రంథమును మొదట వ్యాఖ్యతో అచ్చువేయించినది పైడిపాటి వేంకటనరసుగారు. ఆ ముద్రణమున కవయిత్రి తన వంశమును, తన గురువులను చెప్పుకొన్న అవతారికయు, మరికొన్ని పద్యములును లేవు. నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి సరిచూడగా ఈ లోటు బయటపడెను. నాగరత్నమ్మ 1878లో నంజనగూడున పుట్టి, చిన్ననాటనే సంగీత సాహిత్యములు నేర్చి, చెన్నపట్టణమున గొప్ప గాయనిగా పేరొందినది. తనవంటి స్త్రీ వ్రాసిన గ్రంథము తల లేక తిరుగుచుండుట ఆమె సహింపలేకపోయినది. అవతారికను చేర్చి, పాఠములు సరిచేసి, వావిళ్ళవారికిచ్చినది.

ఇచట కందుకూరి వీరేశలింగంపంతులుగారి ప్రసక్తి రాక తప్పదు. ఆంధ్రకవుల చరిత్రమున ఆయన ముద్దుపళని పాండిత్యమును అంగీకరించిరి. కాని ఈమె వేశ్య గనుక శృంగారమును స్త్రీ నోట రాదగని రీతిగా వ్రాసినదని గర్హించిరి. నాగరత్నమ్మ పీఠికలో దీనికి బదులు చెప్పినది. సిగ్గు స్త్రీలకు మాత్రమే ఉండవలెనా, పురుషులకు అక్కరలేదా యని ఆమె ప్రశ్న. ఇంతకంటె పచ్చిగానున్న వైజయంతీవిలాసమువంటి గ్రంథములను విద్యార్థులకు పాఠ్యముగా అంగీకరించినప్పుడు ఈ న్యాయమేమైనదని మరియొక ప్రశ్న. ఈ ప్రశ్నలకు తగిన సమాధానము నేటికిని ఎవరును చెప్పినట్లు మేమెరుగము.

అయితే పంతులుగారిని కేవలము ఛాందసునిగా చిత్రించుట న్యాయము కాదు. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించి, పసితనమున భర్త పోయిన బాలికకు మరల ఒక చేయి పట్టుకొను హక్కు ఉన్నదని లోకమునెదిరించి నిలిచినవాడాయన. తాకుటను పాపమని ఆయన యెన్నడును అనలేదు. ఆయన వెఱచినది తాకుటకు వెలకట్టు వ్యవస్థకు. కూతురు ఈడేరుట ఒక కుటుంబమునకు ఆదాయమార్గమగుటను ఆయన కన్నులార చూచెను. ఆ వ్యవస్థను కూల్చుటకు పట్టిన గొడ్డలి ఆ వ్యవస్థలో చిక్కుకొన్న స్త్రీల విద్యపైనను, వారి వాక్కుపైనను కూడ పడినది. తన తొలినాళ్ళలో రసికజనమనోరంజనమను ప్రబంధమును వ్రాసినవాడే ఆయన యని తెలిసినపుడు, ఆ కాఠిన్యములో కొంత తన గతముపై కాఠిన్యమని కూడ మాకు తోచును.

ఇక ప్రభుత్వము సంగతి. గోటేటి కనకరాజుపంతులు అను ప్రభుత్వ అనువాదకులు తమకు అభ్యంతరకరముగా తోచిన పద్యములను ఇంగ్లీషులోనికి మార్చి అధికారులకందించిరి. పద్యము నుండి ధ్వనియు, ఛందస్సును, సందర్భమును తీసివైచి మిగిలిన దానిని పరభాషలో పరిచినచో ఏ ప్రబంధము మాత్రము బ్రతుకును? 1911లో కన్నింగ్‌హాం అను పోలీసు కమిషనరు ప్రతులను స్వాధీనపరచుకొనెను. ఇతర ప్రాచీన శృంగార ప్రబంధములు కొన్నింటికి కూడ అదే గతి పట్టెను. చట్టము 1860 నాటి శిక్షాస్మృతిలోని 292వ సెక్షను. అశ్లీలమన నేమో ఆ చట్టము చెప్పలేదు. న్యాయస్థానములు 1868లో ఇంగ్లండున హిక్లిన్ వ్యాజ్యెములో ఏర్పడిన కొలతను తెచ్చుకొన్నవి – చెడిపోవుటకు సిద్ధముగానున్న మనస్సు గలవాని చేతిలో పడినచో అతడు చెడునా అనునది ఆ కొలత. రసికుని కొలత కాదది. మన సుప్రీంకోర్టు 1964లో లారెన్సు నవలను అమ్మిన వ్యాపారి విషయమున కూడ ఆ కొలతనే అంగీకరించి, 2014లో గాని దానిని విడువలేదు. ఆ సెక్షను గల శిక్షాస్మృతి 2024 జూలై 1 నుండి తొలగి వేరొక స్మృతి వచ్చినది.

శాస్త్రులుగారును, పండితులును ప్రభుత్వమునకు మొరపెట్టుకొనిరి. రాధికాసాంత్వనముపై నిషేధము పోలేదు. నిషేధించిన పుస్తకము దొంగచాటుగా చేతులు మారుట ఎల్లకాలమును గలదే.

అదే కాలమున ఈ తీరముననే వేరొక స్పర్శను గురించి మాట నడచినది. 1921 ఏప్రిల్ 7న పెన్న ఒడ్డున పల్లెపాటి వద్ద పినాకినీ సత్యాగ్రహాశ్రమమును గాంధీగారు ప్రారంభించిరి. 1906 నుండి బ్రహ్మచర్యవ్రతము పూనిన ఆ మహాపురుషుడు, సంఘము తాకరాదన్నవారిని తాకుడని బోధించి, సంఘము తాకవచ్చునన్న చోట తాను దూరముగా ఉండెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున పదునేడవ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. అంటరానితనమును చట్టము రద్దుచేయగలదు. అంటుటయందలి వెఱపును ఏ చట్టము రద్దుచేయును?

మా రేడియో కూడ ఈ సంకోచమునకు వెలుపల లేదు. మదరాసు కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న. నెల్లూరువారికి ఈ రెండును వినబడును. దేశము స్వతంత్రమగు వేళ సర్దారు పటేలుగారు సమాచార శాఖ చూచుచుండగా, నడవడి లోకనిందకు గురియైనవారికి ప్రసారములలో చోటు ఈయరాదను నియమము వచ్చెను. వేశ్యాకుటుంబముల గాయనులకు అది పెద్ద దెబ్బ. అయినను వీణ ధనమ్మాళ్ మనుమరాండ్రయిన బృంద, ముక్తల కంఠములలో క్షేత్రయ్య పదములు మదరాసు కేంద్రమునుండి వినవచ్చినవి. నాట్యరంగమునను ఇదే తగవు. రుక్మిణీదేవి 1936లో కళాక్షేత్రమును స్థాపించి శృంగారమును పలుచపరచి నాట్యమును మర్యాదస్థుల ఇండ్లకు తెచ్చిరి. శృంగారమును తీసివైచినచో మిగులునదేమని బాలసరస్వతి వాదించిరి. మాకు ఇద్దరి మాటయు సగము సగము నిజముగా తోచును. ఒకరు లేనిచో మన ఆడపిల్లలకు గజ్జెకట్టు అవకాశమే లేకపోవును. రెండవవారు లేనిచో ఆ గజ్జెకు అర్థము లేకపోవును.

నాగరత్నమ్మలో కూడ ఈ రెండు పాయలు కలిసి ప్రవహించినవి. రాధికాసాంత్వనమును వెలికితెచ్చిన ఆమెయే తన ఆర్జనమంతయు వెచ్చించి తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిపై ఆలయము కట్టించినది. లోకమునకు ఇది విరుద్ధముగా తోచవచ్చును. కాని ఆ త్యాగయ్యయే నౌకాచరిత్రమున గోపికలచేత కట్టుబట్టలు విప్పించి పడవ చిల్లికి అడ్డు పెట్టించినాడు గదా! భక్తికిని దేహమునకును నడుమ గోడ కట్టవలెనని వారికి తోచలేదు. దేవదాసీ సమర్పణమును మాన్పు చట్టము కావలెనని డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు పోరినపుడు నాగరత్నమ్మ మదరాసు దేవదాసీల పక్షమున నిలిచి ఎదిరించినది. ఇద్దరును స్త్రీల మేలే కోరిరి. ముత్తులక్ష్మీరెడ్డిగారి తల్లియు ఆ కుటుంబములలో పుట్టినదే యన్న సంగతి ఆ వాదమును మరింత బాధాకరము చేయుచున్నది.

1947లో రెండు పనులు జరిగినవి. దేవదాసీ సమర్పణమును నిషేధించు శాసనమును మదరాసు శాసనసభ ఆమోదించినది. రాధికాసాంత్వనముపై నిషేధము తొలగినది. తొలగుటకు తోడ్పడినది, 1946 ఏప్రిల్ నుండి 1947 మార్చి వరకు మదరాసు ప్రభుత్వమునకు అధినేతగా నుండిన టంగుటూరి ప్రకాశంపంతులుగారు. ఆయన పుట్టిన వినోదరాయునిపాలెమును, పెరిగిన ఒంగోలును ఆ కాలమున నెల్లూరు జిల్లాలోనివే; 1904లో గాని ఆ తాలూకా గుంటూరు జిల్లాలో చేరలేదు. అచ్చువేసినవాని ఊరును, విడిపించినవాని ఊరును ఒకే తీరముననున్నవి.

నేటి పాఠకులు ఆ గ్రంథమును తెరచినపుడు తటపటాయింతురు. కాని వారి తటపటాయింపు పంతులుగారిది కాదు. పద్యములలోని మాటలకు వారు ఉలికిపడరు. వారు ఇళ వయస్సు అడుగుదురు. ఆ పిల్ల ఇష్టమెవరైనను కనుగొనిరా యని అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనిని అడుగుట ముద్దుపళనిని అవమానించుట కాదు. మెల్లగా చూచుకొమ్మని రాధచేత కృష్ణునితో పలికించినపుడు, మెల్లగా చూచుకొనని చేతులు లోకమున గలవని ఆ కవయిత్రికి బాగుగా తెలిసియుండెను. తాను కూడ ఒకప్పుడు ఇళ వయస్సులో నున్నదే. సూసీ తారు, కె. లలితలు 1991లో వెలువరించిన భారతీయ స్త్రీల రచనల సంకలనమున ఈ గ్రంథచరిత్రను ముందుంచిన పిమ్మట దేశదేశముల చదువరులు దీనిని పరిశీలించుచున్నారు. కోరికను ధైర్యముగా పలికిన గ్రంథమని కొందరు మెచ్చుకొందురు. మేమును మెచ్చుకొందుము, కాని తలుపు బయట నిలిచిన రాధను చూచినపుడు ధైర్యమను మాటకంటె వేరొక మాట కావలెననిపించును.

వావిళ్ళవారు 1952లో ఆ గ్రంథమును మరల అచ్చువేసిరి. ఆ ఏడే మే 19న నాగరత్నమ్మ కన్నుమూసినది. వేంకటేశ్వరశాస్త్రులుగారు 1956లో గతించిరి. తిరువయ్యారున కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సన్నిధి కెదురుగా ఆమె సమాధి ఉన్నది. ఏటేట పుష్యబహుళ పంచమినాడు అచట గాయకులు కూడి పంచరత్నములు పాడుదురు. రేడియోలో ఆ పాట వచ్చునపుడు ఏ యింటిలోను ఎవరును గొంతు తగ్గింపరు.